కార్డ్‌లెస్ టూల్ బ్యాటరీ కొనేముందు లోపల ఎన్ని సెల్స్ ఉన్నాయో చూడండి

కార్డ్‌లెస్ డ్రిల్లో గ్రైండరో కొనాలనుకునేవాళ్లు ముందు ఆరా తీసేది మెషీన్ గురించే. టార్క్ ఎంత, స్పీడ్ ఎంత, బ్రష్‌లెస్ మోటారేనా, గేర్లు మెటల్‌వా ప్లాస్టిక్‌వా అని. బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి అడిగేది ఒక్కటే, ఎన్ని వోల్టులు అని. మహా అయితే ఇంకోటి, ఎన్ని ఏహెచ్ (ఆంపియర్-అవర్లు) అని. నిజానికి ఎక్కువ ఆరా తీయాల్సింది ఆ బ్యాటరీ గురించే. మెషీన్‌ని సరిగ్గా చూసుకుంటే ఏళ్ల తరబడి నడుస్తుంది, బ్యాటరీ మాత్రం వాడినా వాడకపోయినా తరిగిపోతూనే ఉంటుంది. పైగా మొదటి బ్యాటరీ ఏ కంపెనీది కొన్నారో, ఆ తర్వాత కొనే మెషీన్లన్నీ దాదాపుగా ఆ కంపెనీవే అవుతాయి, ఎందుకంటే ఒకరి బ్యాటరీ ప్యాక్ మామూలుగా ఇంకొకరి మెషీన్‌కి ఎక్కదు.

ఈ బ్యాటరీల గురించి సలహాలు బోలెడు దొరుకుతాయి, అందులో సగం ఒకదానికొకటి పొంతన లేనివి. పూర్తిగా అయిపోయేదాకా వాడమని ఒకరు, అస్సలు అవ్వనివ్వద్దని ఇంకొకరు, ఎప్పుడూ ఫుల్ ఛార్జ్‌లో ఉంచమని ఒకరు, సగమే ఉంచమని మరొకరు. ఇదంతా చిక్కుముడిలా కనిపిస్తుంది కానీ దీనికి ఒక కొస ఉంది. ప్యాక్ లోపల ఉన్న ఒక్కో సెల్ మీద ఎంత కరెంటు పడుతోంది, దానివల్ల ఆ సెల్ ఎంత వేడెక్కుతోంది అన్నదే ఆ కొస. అది పట్టుకుంటే కొనడం, ఛార్జింగ్ పెట్టడం, దాచడం, ఎప్పుడు పారేయాలో తేల్చుకోవడం, అన్నీ దానంతట అవే అర్థమవుతాయి.

18 వోల్టులు, 20 వోల్టులు ఒకటే

ముందు ఈ వోల్టుల గొడవ తేల్చేద్దాం. ఇప్పుడు వచ్చే టూల్ బ్యాటరీలు దాదాపు అన్నీ లిథియం-అయాన్‌వి. అందులో వాడే ఒక్కో సెల్ వోల్టేజి ఫుల్ ఛార్జ్ అయినప్పుడు 4.2, పని జరుగుతున్నంతసేపు సగటున 3.6 దగ్గర ఉంటుంది. అలాంటివి 5 వరుసగా కలిపితే 3.6 చొప్పున 18 వోల్టులు. అదే ప్యాక్‌ని ఛార్జర్ నుంచి తీయగానే కొలిస్తే 20 దాటి చూపిస్తుంది. కొందరు సగటు లెక్క రాస్తారు, కొందరు గరిష్ఠ లెక్క రాస్తారు, అంతే తేడా. టూల్స్ కంపెనీ డివాల్ట్ ఒకే రకం ప్యాక్‌ని అమెరికాలో 20 వోల్ట్ మ్యాక్స్ అనీ, యూరప్‌లో 18 వోల్టులు అనీ అమ్ముతుంది. అదే పద్ధతిలో 10.8, 12 వోల్ట్ మ్యాక్స్ అనేవి రెండూ 3 సెల్స్ ప్యాకులే, 36, 40 మ్యాక్స్ అనేవి రెండూ 10 సెల్స్ వరుసే. కాబట్టి 18 కన్నా 20 బలమైనదని ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పనిలేదు.

ఇక ఏహెచ్, అంటే ఆంపియర్-అవర్. ఇది ప్యాక్‌లో ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే లెక్క. వోల్టుల్నీ ఏహెచ్‌నీ గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి, ప్యాక్‌లో మొత్తం ఎంత శక్తి ఉందో చెప్పేది అదే. రెండు వేర్వేరు వోల్టేజిల ప్యాకుల్ని పోల్చాలంటే ఈ లెక్క ఒక్కటే పనికొస్తుంది. దీనికి మంచి ఉదాహరణ డివాల్ట్ 2016లో తెచ్చిన ఫ్లెక్స్‌వోల్ట్ ప్యాక్. లోపల 15 సెల్స్ ఉంటాయి. 18 వోల్టుల మెషీన్‌కి పెడితే 6 ఏహెచ్ ప్యాక్‌లా పనిచేస్తుంది, పెద్ద మెషీన్‌కి పెడితే లోపలి కనెక్షన్లు మారిపోయి 54 వోల్టుల దగ్గర 2 ఏహెచ్ ప్యాక్ అవుతుంది. 18 ఇంటూ 6 అన్నా, 54 ఇంటూ 2 అన్నా 108 వాట్-అవర్లే. సెల్స్ అవే, శక్తి అదే, బయటికి ఇచ్చే తీరు మాత్రమే మారింది. వోల్టేజి పెరిగితే అదే పనికి తక్కువ కరెంటు సరిపోతుంది, వైర్లూ స్విచ్చులూ తక్కువ వేడెక్కుతాయి. పెద్ద రంపాలకి, గడ్డి కోసే మెషీన్లకి ఎక్కువ వోల్టులు పెట్టేది అందుకే. స్క్రూలు బిగించే పనికి ఆ అవసరం లేదు.

అసలు కథ సెల్స్ లెక్కలో ఉంది

18 వోల్టుల 2 ఏహెచ్ ప్యాక్ విప్పితే మామూలుగా 5 సెల్స్ కనిపిస్తాయి. 4 లేదా 5 ఏహెచ్ ప్యాక్ విప్పితే చాలావరకు 10 ఉంటాయి, రెండేసి సెల్స్ పక్కపక్కన జంటగా కలిపి, ఆ 5 జంటల్ని వరుసగా కలుపుతారు. చాలామంది పెద్ద ప్యాక్ అంటే ఎక్కువసేపు వస్తుందని మాత్రమే అనుకుంటారు. ఎక్కువసేపు రావడం నిజమే కానీ అంతకన్నా పెద్ద లాభం ఇంకోటి ఉంది.

ప్రతి సెల్‌కీ లోపల కొంత నిరోధకత, అంటే కరెంటుకి అడ్డుపడే గుణం, ఉంటుంది. లెక్క సులువుగా ఉండటానికి ఒక్కో సెల్‌కి 20 మిల్లీ ఓములు అనుకుందాం. 5 సెల్స్ వరుసలో అది 100 మిల్లీ ఓములు అవుతుంది. ఇప్పుడు గ్రైండర్ ఇనుప కడ్డీ కోస్తూ 30 ఆంపియర్లు లాగిందనుకోండి. ప్యాక్ లోపలే 3 వోల్టులు పడిపోతాయి, అంటే 18 అనుకున్నది మెషీన్ దాకా వచ్చేసరికి 15. పడిపోయిన ఆ 3 వోల్టులూ ఎక్కడికీ పోవు, 90 వాట్ల వేడిగా మారి ప్యాక్‌లోనే ఉంటాయి, ఒక్కో సెల్‌కి 18 వాట్లు. వేలెడు పొడవున్న సెల్ మీద, గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో, 18 వాట్లు చిన్న విషయం కాదు.

అదే పని 10 సెల్స్ ప్యాక్‌తో చేస్తే ఒక్కో సెల్ నుంచి వచ్చేది 15 ఆంపియర్లే. నిరోధకత 50 మిల్లీ ఓములకి తగ్గింది కాబట్టి పడిపోయేది ఒకటిన్నర వోల్టు. మొత్తం వేడి 45 వాట్లు, ఒక్కో సెల్‌కి నాలుగున్నర. కరెంటు సగమైతే వేడి పావువంతు అయింది చూశారా, ఎందుకంటే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే ఒకే గ్రైండర్ చిన్న ప్యాక్‌తో ఆయాసపడి ఆగిపోతుంది, పెద్ద ప్యాక్ పెట్టగానే కొత్త మెషీన్‌లా లాగుతుంది. మోటారు మారలేదు, దానికి అందే వోల్టేజి మారింది. చిన్న ప్యాక్ త్వరగా పాడవడానికీ కారణం ఇదే, దాని సెల్స్ ప్రతిసారీ నాలుగింతల వేడి భరిస్తున్నాయి.

దీన్నిబట్టి ఏ మెషీన్‌కి ఏ ప్యాక్ అన్నది తేలిపోతుంది. డ్రిల్, స్క్రూలు బిగించే ఇంపాక్ట్ డ్రైవర్ లాంటివి కాసేపు లాగి కాసేపు ఆగుతాయి, వాటికి 2 ఏహెచ్ చాలు, పైగా చేతులు పైకెత్తి సీలింగ్‌కి పని చేసేటప్పుడు ఆ తేలికదనం విలువ బాగా తెలుస్తుంది. గ్రైండర్, సర్క్యులర్ రంపం, బ్లోయర్, వాక్యూమ్ లాంటివి ఆపకుండా లాగుతూనే ఉంటాయి. బ్లోయర్, వాక్యూమ్ చూడటానికి సాధువులు కానీ ప్యాక్‌ని పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఊపిరి తీసుకోనివ్వవు. వీటికి 10 సెల్స్ ప్యాక్ కన్నా తక్కువ పెట్టొద్దు. రెండు ప్యాకులు కొనే స్తోమత ఉంటే రెండూ ఒకే సైజువి కాకుండా ఒకటి చిన్నది, ఒకటి పెద్దది తీసుకోండి. నన్నడిగితే ఇంతకు మించిన కాంబినేషన్ లేదు.

ఈమధ్య ఈ లెక్కలోకి ఇంకో సంగతి వచ్చి చేరింది. చాలా ఏళ్లుగా టూల్ ప్యాకుల్లో వాడుతున్నది 18650 అనే సెల్. ఆ అంకెలో 18 వ్యాసం మిల్లీమీటర్లలో, 65 పొడవు. ఇప్పుడు 21700 బాగా వాడుతున్నారు, 21 మిల్లీమీటర్ల వ్యాసం, 70 పొడవు. ఒక్కో సెల్‌లో ఎక్కువ సరుకు పడుతుంది, నిరోధకత తక్కువ ఉండేలా చేయగలుగుతున్నారు. అందువల్ల 5 పెద్ద సెల్స్‌తోనే 4 ఏహెచ్ ప్యాక్ వస్తోంది, అది పాత 10 సెల్స్ ప్యాక్ కన్నా చిన్నగా ఉంటుంది. కొన్ని కంపెనీలు గొట్టం ఆకారం వదిలేసి పల్చటి పౌచ్ సెల్స్ పేర్చిన ప్యాకులు తెచ్చాయి, డివాల్ట్ పవర్‌స్టాక్ అలాంటిదే. సెల్ లోపలి రేకుని ఒకే చోట కాకుండా అంచు పొడవునా కలిపే ట్యాబ్‌లెస్ సెల్స్ కూడా వచ్చాయి. పేర్లు ఎన్ని పెట్టినా అన్నింటి గురి ఒకటే, నిరోధకత తగ్గించి వేడి తగ్గించడం. రోజంతా గ్రైండర్ పట్టుకునేవాళ్లకి వాటి మీద పెట్టే అదనపు డబ్బు దండగ కాదు. నెలకోసారి షెల్ఫ్ బిగించేవాళ్లకి మామూలు ప్యాకే చాలు.

కొనేటప్పుడు

ముందు మీకు రాబోయే కొన్నేళ్లలో ఏయే మెషీన్లు కావాల్సి రావచ్చో ఒకసారి ఆలోచించుకోండి, ఆ తర్వాతే కంపెనీని ఎంచుకోండి. డ్రిల్ ఒక్కటే చూసి కొంటే, రేపు గడ్డి కోసే మెషీనో గాలి పంపో కావాల్సి వచ్చినప్పుడు ఆ కంపెనీలో అది లేకపోతే మళ్లీ కొత్త బ్యాటరీ, కొత్త ఛార్జర్. ఒకే యజమాని కింద ఉన్న బ్రాండ్లయినా సరే ప్యాకులు ఒకదానివి ఒకదానికి పడతాయని అనుకోవద్దు. మిల్వాకీ, ర్యోబీ టూల్స్ రెండూ ఒకే మాతృసంస్థవి, వాటి ప్యాకులు మాత్రం కలవవు. కొంతమంది తయారీదారులు కలిసి ఒకే ప్యాక్ వాడుకునే ఏర్పాట్లు చేసుకున్నారు, మెటాబో ముందుండి 2018లో మొదలుపెట్టిన కార్డ్‌లెస్ అలయన్స్ సిస్టమ్, బాష్ వాళ్లు ఉన్న పవర్ ఫర్ ఆల్ అలయన్స్ అలాంటివి. ఇలాంటివి ఇంకా పెరగాలని గట్టిగా కోరుకుంటాను, ఎందుకంటే వాడేవాళ్ల డబ్బూ మిగులుతుంది, చెత్తలోకి పోయే ఛార్జర్లూ తగ్గుతాయి. ఒక కంపెనీలోనే 18 వోల్టుల్లో రెండు మూడు రకాల ప్యాకులుండి ఒకటి ఇంకోదానికి పట్టకపోవడం కూడా ఉంది, కాబట్టి వోల్టేజి ఒక్కటే కాకుండా సిరీస్ పేరు కూడా సరిచూసుకోండి.

మెషీన్ విడిగా, బ్యాటరీ విడిగా కొంటే చాలాసార్లు ఎక్కువ అవుతుంది. రెండు ప్యాకులు, ఛార్జర్, మెషీన్ కలిపి అమ్మే కిట్లు మొదటిసారి కొనేవాళ్లకి లాభం. అయితే కిట్‌లో ఇచ్చే ప్యాక్ ఎంత ఏహెచ్‌దో చూడండి, చూపులకి కిట్టు చవగ్గా ఉండి లోపల 1.5 ప్యాకులు పెట్టినవి కొంటే గ్రైండర్ కొన్నరోజు మళ్లీ ఖర్చు తప్పదు. ప్యాక్ లేబుల్ మీద తయారీ తేదీనో, తేదీ తెలిపే కోడో చాలావాటికి ఉంటుంది. రెండు మూడేళ్లు గోడౌన్‌లో పడి ఉన్న ప్యాక్ కొత్తదే అయినా దాని వయసు మొదలైపోయినట్టే. బ్యాటరీ వారంటీ మెషీన్ వారంటీ కన్నా తక్కువ ఉండటం మామూలు, బిల్లు దాచుకునేముందు ఆ రెండూ విడివిడిగా చదవండి.

ఇక చవక ప్యాకుల సంగతి. అచ్చం కంపెనీ ప్యాక్‌లాగే ఉండి, సగం ధరకి, దాని మీద 9 ఏహెచ్ అని రాసి ఉండేవి ఆన్‌లైన్‌లో కుప్పలుగా కనిపిస్తాయి. ఇక్కడ పైన చెప్పిన సెల్స్ లెక్క అక్కరకొస్తుంది. మామూలు 5 ఏహెచ్ ప్యాక్ సైజు డబ్బాలో 18650 సెల్స్ 10 పడతాయి. 9 ఏహెచ్ రావాలంటే ఒక్కో సెల్ నాలుగున్నర ఏహెచ్ ఇవ్వాలి. 18650లో దొరికే పెద్ద సెల్స్ కూడా చాలావరకు మూడున్నర దగ్గరే ఆగిపోతాయి, పైగా అంత నిల్వ ఉన్న సెల్స్ ఎక్కువ కరెంటు ఇవ్వలేవు, అవి టార్చిలైట్లకీ లాప్‌టాప్‌లకీ సరిపోయే రకం. కాబట్టి ఆ సైజు డబ్బాలో ఆ సెల్స్‌తో 9 ఏహెచ్ అనేది జరిగే పని కాదు, చదువుతూనే పక్కన పెట్టేయొచ్చు.

అంత బాహాటంగా కాకుండా 5 ఏహెచ్ అని రాసి మోసం చేసేవాటిని పట్టుకోవడానికి కాటా చాలు. ఒక్కో 18650 సెల్ 45 నుంచి 48 గ్రాములు తూగుతుంది. 10 సెల్స్ అంటే సెల్స్ బరువే 450 గ్రాములు దాటాలి, దాని మీద డబ్బా, సర్క్యూట్ బోర్డు, రేకులు కలిపితే 600 గ్రాముల చుట్టూ ఉండాలి. 400 గ్రాములే తూగితే లోపల 10 లేవన్నమాట. పైన చెప్పిన 5 పెద్ద సెల్స్ ప్యాకులకి ఈ లెక్క వేరు, అందుకే కంపెనీ తన ప్యాక్‌కి రాసిన బరువుతో పోల్చి చూడటం మంచిది. బరువు సరిపోయినా సెల్స్ మంచివని కాదు, కానీ బరువు సరిపోకపోతే మాత్రం ఇంకేమీ చూడక్కర్లేదు.

సెల్స్ కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ నకిలీ ప్యాకుల్లోని సర్క్యూట్ బోర్డు. మంచి ప్యాక్‌లో బోర్డు ఉష్ణోగ్రత కొలుస్తుంది, సెల్స్ వోల్టేజి గమనిస్తుంది, ఏదైనా తేడా వస్తే ఛార్జర్‌కి ఆపమని చెబుతుంది. చవక వాటిలో ఆ కనెక్షన్లు ఉత్తుత్తివి ఉంటాయి, ఛార్జర్‌ని నమ్మించడానికి సెన్సర్ స్థానంలో ఒక మామూలు రెసిస్టర్ పెట్టినవీ ఉంటాయి. అలాంటి ప్యాక్ ఎంత కాలిపోతున్నా ఛార్జర్‌కి అంతా బాగానే ఉందని కనిపిస్తుంది. ఆ రిస్క్ ఇంట్లో పిల్లలు పడుకున్న రాత్రిపూట ఛార్జింగ్‌లో ఉంటుందని గుర్తుంచుకుంటే సగం ధర అంత చవగ్గా అనిపించదు.

ఒక కంపెనీ ప్యాక్‌ని ఇంకో కంపెనీ మెషీన్‌కి తగిలించే అడాప్టర్లు కూడా దొరుకుతాయి. పని చేస్తాయి, కాదనను. కాకపోతే బ్యాటరీ అడుగంటినప్పుడు ఆపే బాధ్యత కొన్ని కంపెనీలు ప్యాక్‌లో పెడతాయి, కొన్ని మెషీన్‌లో పెడతాయి. ఆ రెండో రకం ప్యాక్‌ని వేరే మెషీన్‌కి తగిలిస్తే ఆపేవాళ్లు ఎవరూ ఉండరు, సెల్స్ తగ్గకూడనంత కిందికి తగ్గిపోతాయి. అడాప్టర్ వాడక తప్పదంటే, మెషీన్ కాస్త నీరసపడినట్టు అనిపించగానే ప్యాక్ తీసేయండి.

ఛార్జింగ్, వాడకం

పూర్తిగా అయిపోయేదాకా వాడి అప్పుడే ఛార్జ్ చేయాలన్న సలహా ఊరికే పుట్టింది కాదు. బ్లాక్ అండ్ డెక్కర్ 1961లో కార్డ్‌లెస్ డ్రిల్ తెచ్చినప్పుడు అందులో ఉన్నది నికెల్-కాడ్మియం బ్యాటరీ, ఆ తర్వాత దశాబ్దాల పాటు టూల్స్‌లో అదే రాజ్యమేలింది. ఆ రకం సెల్స్‌ని సగంలో ఆపి మళ్లీ మళ్లీ ఛార్జ్ చేస్తూ పోతే వాటి సామర్థ్యం తగ్గినట్టు అయిపోయేది, అందుకే పూర్తిగా వాడమనేవారు. 2005లో మిల్వాకీ 28 వోల్టుల, మకీటా 18 వోల్టుల లిథియం-అయాన్ టూల్స్ తీసుకొచ్చాక లెక్క మారిపోయింది. యూరోపియన్ యూనియన్‌లో అయితే విషపూరితమైన కాడ్మియం కారణంగా 2016 తర్వాత కార్డ్‌లెస్ టూల్స్‌కి ఆ బ్యాటరీలు అమ్మడమే ఆపేశారు. బ్యాటరీ మారింది, సలహా మాత్రం అలాగే చేతులు మారుతూ వస్తోంది. లిథియం-అయాన్‌కి సగంలో ఛార్జ్ పెట్టడం వల్ల ఏ నష్టమూ లేదు, అడుగుదాకా పిండటం వల్లే నష్టం. ప్యాక్ మీద ఛార్జ్ ఎంతుందో చూపే గేజ్‌లో ఒక్క గీతే మిగిలి, మెషీన్ పట్టు తగ్గిందంటే మార్చేయండి, ట్రిగ్గర్ మళ్లీ మళ్లీ నొక్కి చివరి నాలుగు స్క్రూలు లాగించొద్దు.

పని అవగానే వేడిగా ఉన్న ప్యాక్‌ని ఛార్జర్‌లో పెట్టడం అందరం చేసే పనే. చాలా ఛార్జర్లు అలాంటప్పుడు లైటు వెలిగించి చల్లారేదాకా ఆగుతాయి, అది ఛార్జర్ లోపం కాదు. చాలా మాన్యువల్స్‌లో ఛార్జింగ్‌కి పై హద్దు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కింది హద్దు సున్నాకి కాస్త పైన ఉంటుంది. పై హద్దు సంగతి అందరికీ తెలుసు, కింది హద్దుని పట్టించుకునేవాళ్లు తక్కువ. గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేస్తే లిథియం, సెల్‌లో దాన్ని దాచుకునే గ్రాఫైట్ లోపలికి వెళ్లకుండా దాని పైన లోహంలా పేరుకుంటుంది. అది చాలావరకు మళ్లీ వాడకంలోకి రాదు, ఒక్కోసారి సూదుల్లా పెరిగి లోపల షార్ట్ సర్క్యూట్‌కి దారి తీస్తుంది. చల్లటి చోట ఉన్న ప్యాక్‌ని ముందు గది ఉష్ణోగ్రతకి రానివ్వండి, వేడిగా ఉన్నదాన్ని చేతికి చల్లగా తగిలేదాకా వదిలేయండి.

ఫాస్ట్ ఛార్జర్ బ్యాటరీని పాడు చేస్తుందా అన్నదానికి సమాధానం కూడా సెల్స్ లెక్కే. 6 ఆంపియర్ల ఛార్జర్ మీద 10 సెల్స్ ప్యాక్ పెడితే ఒక్కో సెల్‌కి 3 ఆంపియర్లు, ఇబ్బందేమీ లేదు. అదే ఛార్జర్ 5 సెల్స్ చిన్న ప్యాక్‌కి మొత్తం 6 ఇస్తే ఒక్కో సెల్ మీద రెట్టింపు భారం. మంచి ఛార్జర్లు ప్యాక్‌ని గుర్తుపట్టి తగ్గించుకుంటాయి. తొందర లేనప్పుడు నెమ్మదైన ఛార్జరే వాడితే పోయేదేమీ లేదు. ఫుల్ అయ్యాక ఛార్జర్ తనంతట తానే ఆపేస్తుంది కానీ ప్యాక్‌ని వారాల తరబడి దానిమీదే వదిలేయొద్దు, ఎప్పుడూ ఫుల్‌గా ఉండటమూ సెల్‌కి మంచిది కాదు.

ఎందుకు కాదంటే, సెల్ లోపల గ్రాఫైట్ మీద పల్చటి పొర ఒకటి ఉంటుంది. సెల్ పనిచేయాలంటే ఆ పొర ఉండాల్సిందే, కానీ అది మెల్లగా పెరుగుతూ ఉంటుంది, పెరిగినప్పుడల్లా కొంత లిథియాన్ని శాశ్వతంగా మింగేస్తుంది. వాడకుండా మూల పెట్టిన బ్యాటరీ కూడా ముసలిదవడానికి ముఖ్య కారణం ఇదే. ఫుల్ ఛార్జ్, వేడి రెండూ కలిస్తే ఆ పొర వేగంగా పెరుగుతుంది. ఎండలో అద్దాలు మూసి నిలిపిన బండిలో ఫుల్ ఛార్జ్ ప్యాకులు వదిలేయడం అన్నింటికన్నా చెడ్డ అలవాటు, అక్కడ 50 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. నెలల తరబడి వాడబోమని తెలిస్తే గేజ్‌లో నాలుగు గీతల్లో రెండు వెలిగేంత ఉంచి, ఇంట్లో చల్లగా పొడిగా ఉండే చోట, మెషీన్ నుంచి తీసి పెట్టండి. మూడు నాలుగు నెలలకోసారి గేజ్ నొక్కి చూసి, ఒక్క గీతకి దిగితే కాసేపు ఛార్జ్ చేయండి. రేపే పని ఉందంటే మాత్రం ఈ సగం లెక్కలతో టెన్షన్ పడక్కర్లేదు, ఫుల్ చేసుకుని వెళ్లండి, బ్యాటరీ ఉన్నది పని కోసమే.

టెర్మినల్స్ మీద సిమెంటు దుమ్ము, ఇనుప రజను పేరుకుంటే అక్కడే నిరోధకత పెరిగి ప్లాస్టిక్ కరిగేదాకా పోతుంది. పొడి గుడ్డతోనో బ్రష్‌తోనో తుడవండి, జిడ్డు ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా. నీళ్లు వద్దు. స్క్రూలూ మేకులూ ఉన్న సంచిలో ప్యాక్‌ని మూత లేకుండా పడేయొద్దు, ఒక్క మేకు రెండు టెర్మినల్స్‌కీ అడ్డంగా పడితే చాలు.

చచ్చిపోయిన ప్యాక్

ఛార్జర్‌లో పెట్టగానే ఎర్రలైటు టపటపా కొట్టుకుంటే ప్యాక్ పోయినట్టేనా? ఒక్కోసారి కాదు. ముందు టెర్మినల్స్ తుడిచి, ఇంకో ప్యాక్‌తో ఛార్జర్ బాగుందో లేదో చూడండి. ఆ తర్వాత మల్టీమీటర్. చాలా ప్యాకుల్లో ప్లస్, మైనస్ టెర్మినల్స్ మధ్య వోల్టేజి నేరుగా కొలవొచ్చు. ఛార్జర్ పని పూర్తయిందన్నాక 18 వోల్టుల ప్యాక్ 20.5 పైన చూపిస్తే ఆరోగ్యంగా ఉన్నట్టు. 19.5 దగ్గరే ఆగిపోయిందంటే 5 జంటల్లో ఏదో ఒకటి వెనకబడి ఉంది. నాలుగు జంటలు 4.15 దాకా వచ్చి, ఒకటి 3 దగ్గరే ఉండిపోయిందనుకోండి, మొత్తం కలిపితే 19.6 అవుతుంది. ఇక ఆ ప్యాక్ మొత్తానికి బలం ఆ ఒక్క జంట ఇచ్చేంతే, మిగతా నాలుగూ ఎంత నిండుగా ఉన్నా అది అడుగంటగానే మెషీన్ ఆగిపోతుంది. ఏళ్ల తరబడి వాడకుండా పెట్టిన ప్యాకుల్లో ఇది ఎక్కువ, కొన్ని బోర్డులు తమ అవసరానికి ఒకే జంట నుంచి కరెంటు తాగుతూ ఉంటాయి.

మొత్తం వోల్టేజి మరీ తక్కువగా, 10కి దిగువన ఉంటే దాని జోలికి పోవద్దు. మంచి ప్యాక్‌ని పక్కనపెట్టి రెండు వైర్లతో కలిపి చచ్చిన ప్యాక్‌ని లేపే వీడియోలు చాలా తిరుగుతుంటాయి. లేస్తుంది కూడా, అదే ప్రమాదం. సెల్ వోల్టేజి బాగా పడిపోయినప్పుడు లోపలున్న రాగి రేకు కరగడం మొదలవుతుంది, మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ చేస్తుంది. ఆ రోజు బాగానే పనిచేసి, ఇంకెప్పుడో ఛార్జింగ్‌లో ఉండగా అంటుకోవచ్చు. ఛార్జర్ దాన్ని వద్దంటోందంటే అది మిమ్మల్ని కాపాడుతోందన్నమాట.

సెల్స్ మార్చి ప్యాక్ బాగుచేయించడం తప్పు కాదు, చేతనైనవాళ్లు చేస్తే. సెల్స్‌కి స్పాట్ వెల్డింగ్ చేయాలి, మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో అతికిస్తే ఆ వేడికే సెల్ దెబ్బతింటుంది. అన్ని సెల్స్ ఒకే రకం, ఒకే బ్యాచ్‌వి అయ్యుండాలి, ఎక్కువ కరెంటు ఇచ్చే రకానివి కావాలి. పోయిన రెండు సెల్స్ మాత్రమే మార్చి మిగతా పాతవి ఉంచితే కొన్నాళ్లకి మళ్లీ అదే కథ. కొన్ని బోర్డులు లోపం గుర్తించాక శాశ్వతంగా తాళం వేసుకుంటాయి, సెల్స్ కొత్తవి పెట్టినా ఛార్జ్ అవ్వవు, ఇది బాగుచేసేవాళ్లని ముందే అడగండి.

విమానంలో తీసుకెళ్లేవాళ్లకి ఒక మాట. విడి బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి సంచిలోనే, టెర్మినల్స్ కప్పి పెట్టాలి. 100 వాట్-అవర్ల వరకు మామూలుగా అనుమతిస్తారు, 100 నుంచి 160 మధ్య ఉంటే విమానయాన సంస్థ అనుమతి కావాలి, అంతకు మించితే లేదు. 18 వోల్టుల 5 ఏహెచ్ ప్యాక్ 90 వాట్-అవర్లు, ఇబ్బంది లేదు. 6 ఏహెచ్ అయితే 108, ముందే అడగాలి. సంస్థని బట్టి నిబంధనలు ఇంకా గట్టిగా ఉండొచ్చు, టికెట్‌తో పాటే చూసుకోండి.

ఉబ్బిన, కింద పడి పగిలిన, నీళ్లలో మునిగిన, తియ్యటి ద్రావకం వాసన వచ్చే ప్యాక్‌ని ఇక ఛార్జ్ చేయొద్దు. బయట, మండే వస్తువులకి దూరంగా పెట్టండి. పాడైన ప్యాక్ ఏదైనా సరే టెర్మినల్స్ మీద టేపు వేసి, బ్యాటరీలు తీసుకునే రీసైక్లింగ్ చోట ఇవ్వండి. మామూలు చెత్తబుట్టలో వేస్తే అది చెత్త లారీలో నలిగినప్పుడు అంటుకుంటుంది, ఆ మంట పక్కన ఉండేది చెత్త ఎత్తే మనుషులు.